పరగడుపు తెమడ

ఆ ఏడాది మాదాపూర్‌లో గుండ్రటి మేడ లేస్తోంది. మా ఆయన రంగనాథ్ సాయంత్రం ఇంటికి రాగానే గుమ్మం బయటే నిలబెట్టి చెంబుతో నీళ్లు పోసేదాన్ని. కనురెప్పల దాకా తెల్లటి రాతిపొడి ఉండేది. ఆయన పని రాతిగుండ్లకు బెజ్జాలు వేయడం. కంప్రెసర్ గాలితో నడిచే డ్రిల్లును రెండు చేతులా అదిమి పట్టుకుని పొద్దస్తమానం రాయిని తొలిచేవాడు. ఆ బెజ్జాల్లో మందు కూరి పేల్చేది వేరేవాళ్లు. కంప్యూటర్ల ముందు కూర్చునేవాళ్లకు చోటు కావాలంటే ముందు ఆ గుండ్లు లేచిపోవాలి కదా. "పిండిమరలో పడిన పిల్లి మాదిరి ఉండావు," అని నేను నవ్వేదాన్ని. ఆయన కూడా నవ్వబోయేవాడు. ఆ నవ్వు సగంలో దగ్గయిపోయేది.

మాది కడప జిల్లా. మూసాపేటలో ఒక పెద్ద వాకిలి చుట్టూ ఉన్న వరస గదుల్లో ఒకటి కిరాయికి తీసుకుని ఉండేవాళ్లం. నేను, ఆయన, మా అత్త జయమ్మ, ఇంకా ఏడాది నిండని మా కిరణ్. వాడు అప్పుడే పాకడం నేర్చి, దొరికిన గుడ్డనల్లా పట్టుకుని లేవాలని చూసేవాడు. నాకు నోరెక్కువని మా అత్త చుట్టుపక్కల గదులవాళ్లకు చెప్పి మురిసిపోయేది, తిట్టినట్టే ఉండేది కానీ. నిజమే, నేను ఊరికే ఉండే మనిషిని కాదు. అలాంటిదాన్ని ఆ వానాకాలం నుంచి చలికాలం దాకా ఇంట్లో గొంతు పెంచకుండా బతికాను. అంత భయపడ్డాను.

వానలు ఇంకా పడుతుండగానే ఒక సాయంత్రం ఆయన జేబులోంచి చిన్న ప్లాస్టిక్ డబ్బా తీశాడు. మా అత్త పిల్లాణ్ణి ఎత్తుకుని వాకిట్లో తిప్పుతోంది.

"ఏందిది?" అన్నాను.

"తెమడ డబ్బా. సైటు కాడ డాక్టర్లు వచ్చి రేకుల గది వేసుకోండారులే. రాళ్ల దుమ్ములో పనిచేసేటోళ్లకు క్షయ ఏంటికి ఎక్కువొస్తాదో, ఏ మందు ఎన్నాళ్లిస్తే పోతాదో పరిశోధన చేస్తాండారంట. అందర్నీ ఎక్స్‌రే తీసినారు. పొద్దున లేస్తానే పరగడుపున, లోపల్నుంచి దగ్గి దీంట్లో ఉమ్మి తెమ్మన్నారు."

"అయితే ఉమ్ము. నన్నెందుకు చూస్తాండావు?"

ఆయన గొంతు తగ్గించాడు. "మేస్త్రీ చెప్పినాడు, రోగముందని తేలినోళ్లను గేటు లోపలికి రానీరంట. ఎర్రగడ్డ క్షయ ఆసుపత్రికి పంపిస్తారంట. ఈ పొద్దు అక్కడే ఒకసారి ఉమ్మమన్నారు, ఒట్టి ఎంగిలి ఊసి వచ్చినా. పరగడుపుది నువ్వు ఉమ్మియ్యి రత్నా. నీకేమి, గుండ్రాయి మాదిరి ఉండావు."

నేను గుండ్రాయిలా ఏమీ లేను. కాన్పు తరవాత చీర కుచ్చిళ్లు నిలవనంత సన్నబడ్డాను. సాయంత్రమైతే ఒళ్లు వెచ్చబడేది. వానలకు పట్టిన పడిశం దగ్గై కూర్చుంది. పాలిచ్చే ఆడది చిక్కిపోదా అని మా అత్త అనేది, నేనూ అదే అనుకున్నాను. మర్నాడు పొద్దున్నే స్నానాల బచ్చలి దగ్గర నిలబడి, ఆయన అక్కర తీరుస్తున్నానన్న హుషారులో గట్టిగా దగ్గి, డబ్బా నిండేలా ఉమ్మి మూత పెట్టి ఇచ్చాను. ఆయన దాన్ని టిఫిను సంచిలో పెట్టుకుని సైకిలెక్కి పోయాడు.

ఆ తరవాతి వారంలో ఒకరోజు ఆయన మధ్యాహ్నమే ఇంటికి వచ్చాడు. ఒంటి మీద రాతిపొడి లేదు. దుమ్ము లేకుండా పగటిపూట ఆయన్ను చూడడం నాకు కొత్త. మా అత్త పిల్లాణ్ణి నిద్రపుచ్చుతోంది. ఆయన నన్ను బట్టలుతికే బండ దగ్గరికి పిలిచాడు.

"నీ దాంట్లో ఉండాదంట," అన్నాడు.

"ఏముండాది?"

"క్షయ."

నేను ఉతుకుతున్న పిల్లాడి లంగోటా చేతిలోనే ఉండిపోయింది. "వాళ్లు ఏదో తప్పు చూసింటారు."

"ఆ మాట నేనెట్ల అంటా? నా ఎక్స్‌రేలో మచ్చలుండాయి. రాతిపొడి మచ్చలు కొన్ని, కడమవి క్షయవి అని డాక్టరు చెప్పినాడు. తెమడలో కూడా కనపడినాక ఇంక అనుమానం లేదన్నాడు. యజ్ఞనారాయణ అని, కాకినాడ పక్క ఆయన. చానా మంచోడు. గుత్తేదారుకు చెప్పం, పనికేం అడ్డం లేదు, మందు మాత్రం మానొద్దండి అన్నాడు. ఆయన అట్లా మర్యాదగా చెప్తా ఉంటే, సార్, ఆ తెమడ నాది కాదు అని నేనెట్ల చెప్పేది?"

మా ఆయన తనకు లేదనే నమ్మాడు. మచ్చలన్నీ రాతిపొడివే అనుకున్నాడు. నేనూ అంతే నమ్మాను. నా బుర్రలో ఒకటే ఆలోచన. పొద్దున్నుంచి కిరణ్‌కు ఎన్నిసార్లు పాలిచ్చాను, వాడి మొహం మీద ఎన్నిసార్లు దగ్గాను. బండ మీద కూలబడ్డాను.

చెబితే ఏమవుతుందో మా ఇద్దరికీ తెలుసు. మా మామ చెల్లెలికి ఇదే జబ్బు వచ్చినప్పుడు ఆమెను అత్తింటివాళ్లు బండెక్కించి పంపేశారు. ఆమె చంటిబిడ్డను మా అత్తే తెచ్చి పెంచింది. ఆ బిడ్డ మా అత్తను అమ్మా అని పిలుస్తుంది. ఆ సంగతి మా అత్త ఎప్పుడు చెప్పినా గొప్పగానే చెప్పేది. తల్లి మళ్లీ వచ్చి బిడ్డను చూసిందా అని ఒకసారి అడిగితే, "ఏం మొగం పెట్టుకుని వస్తాదమ్మీ," అంది.

"రోగం నా పేరు మీదే ఉండనీ," అన్నాడు ఆయన. "మగోన్ని, దుమ్ములో పనిచేసేటోన్ని. అమ్మ నన్నేమీ అనదు. మాత్రలు నేను తెస్తా, నువ్వు మింగు."

"వాళ్ల ముందరే మింగాల్నంట కదా. పక్క గది వాళ్ల చిన్నాయనకు అట్లనే ఇచ్చినారు."

ఆయన నాలుకతో చెంపను లోపలినుంచి పైకి పొడిచి చూపించాడు. బుగ్గ కాస్త ఉబ్బి మళ్లీ సర్దుకుంది. గుట్కా దవడన పెట్టుకుని టీ తాగేవాడు, అన్నం కూడా తినేవాడు, మేస్త్రీతో తగాదా పడేవాడు. ఆ విద్య ఇలా అక్కరకొస్తుందని ఇద్దరిలో ఎవరం అనుకోలేదు.

అలా మొదలైంది. రోజు విడిచి రోజు పని దిగాక ఆయన రేకుల గదికి పోయేవాడు. అక్కడ సత్తెమ్మ అనే ఆరోగ్య కార్యకర్త మూడు పెద్ద మాత్రలు అరచేతిలో పెట్టి, నీళ్లు తాగించి, నోరు తెరవమని చూసేది. మాత్రలు దవడకూ చిగురుకూ మధ్య ఇరికించి, నీళ్లు మింగి, నోరు తెరిచి, నమస్తే అక్కా అని చెప్పి వచ్చేవాడట. గుండ్ల చాటుకు వచ్చాక ప్లాస్టిక్ కవరులోకి ఊసి మడిచి జేబులో పెట్టుకుని సైకిలెక్కేవాడు. ఆ మందు రంగుకు ఆయన నాలుక ఎర్రబడేది. గుట్కా బంద్ చెయ్యమన్న గద అని సత్తెమ్మ కోప్పడేదట. నిజానికి దవడ ఖాళీగా ఉండాలని ఆయన గుట్కా మానేశాడు. పెళ్లయిన దగ్గర్నుంచి నేను పోరినా కానిది అలా అయింది.

ఇంటికొచ్చేసరికి అవి మాత్రలుగా ఉండేవి కావు. ఎర్రగా, జిగటగా, అంచులు కరిగి ఉండేవి. బచ్చలిలోకి వెళ్లి తలుపేసుకుని మింగేదాన్ని. ఆయన ఎంగిలి, రాతిపొడి, చేదు, అన్నీ కలిసి గొంతులో పడేవి. అది అరవై కిలోల మనిషి లెక్కన ఇచ్చిన మందు. నేను అందులో మూడొంతులైనా తూగేదాన్ని కాదు. కాసేపటికే కడుపులో తిప్పేది, కళ్లు తిరిగేవి. వాంతైతే మందు పోతుందని పళ్లు బిగబట్టి కూర్చునేదాన్ని. ఒకరోజు ఆపుకోలేకపోయాను. మా అత్త పరుగున వచ్చి వీపు నిమిరింది.

"నెల తప్పినావా అమ్మీ?" అంది, మొహం వెలిగిపోతూ.

కాదని చెప్పినా నమ్మలేదు. ఆ పూట నాకు చింతకాయ పచ్చడి నూరిపెట్టింది. ఇంకో రోజు బచ్చలి కడుగుతూ నా మూత్రం ఎర్రగా ఉండడం చూసింది. అప్పుడు నెల తప్పలేదని ఒప్పుకుని, వేడి చేసిందని తేల్చి, పొద్దునా సాయంత్రం సబ్జా నీళ్లు తాగించింది. నన్ను అంత బాగా చూసుకుంది ఆ రోజుల్లోనే. ఆమె గ్లాసు అందించినప్పుడల్లా తల వంచుకుని తాగేదాన్ని.

కొడుక్కి దుమ్ము వల్ల క్షయ వచ్చిందని ఆయనే ఆమెకు చెప్పాడు. ఆమె ఏడ్చి, కళ్లు తుడుచుకుని, ఆయన కంచం, గ్లాసు వేరు పెట్టింది. మంచం గుమ్మం బయట వేయించింది. కిరణ్‌ను తెచ్చి నా ఒళ్లో పడేసి, "వాని దగ్గరికి పోనీయొద్దు. నీ దగ్గరే పెట్టుకో, రొమ్ము విడిపించొద్దు, పాలుంటే రోగం రాదు," అంది.

పాలిచ్చేటప్పుడు కొంగు ముక్కుకూ నోటికీ చుట్టుకునేదాన్ని. వాడికది ఆట. పాలు తాగుతూ తాగుతూ చెయ్యెత్తి కొంగు లాగేవాడు. నా మూతి కనపడగానే రొమ్ము వదిలేసి కిలకిల నవ్వేవాడు. నేను మళ్లీ కప్పుకుంటే మళ్లీ లాగేవాడు. ఊపిరి బిగబట్టి వాడి నవ్వు చూసేదాన్ని. అంత అందంగా నవ్వే పిల్లాణ్ణి చూసి తల్లికి వణుకు పుట్టడమనేది పగవాళ్లకు కూడా వద్దు.

ఆయన మాత్రం నిర్భయంగా ఉన్నాడు. మా అత్త కూరలకు పోగానే కిరణ్‌ను ఎత్తి గాల్లోకి ఎగరేసేవాడు, బుగ్గలు కొరికేవాడు, మొహంలో మొహం పెట్టి ఊదేవాడు. దగ్గు వస్తే అలాగే దగ్గేవాడు. నాకేం రోగం, ఒట్టి దుమ్ము అనేవాడు. తండ్రి దగ్గరైనా పిల్లాడు క్షేమంగా ఉన్నాడని నేను ఊపిరి పీల్చుకునేదాన్ని.

చలి మొదలయ్యే వేళకు వాడికి కాస్త ఒళ్లు వెచ్చబడింది, ముక్కు కారింది. రోజుకు పదిసార్లు వాడి వీపుకు చెవి ఆనించి వినేదాన్ని. లోపల పిల్లికూతలా వినపడేది. ఒక్కోసారి ఏమీ వినపడేది కాదు, అప్పుడు ఇంకా భయం వేసేది.

"డాక్టర్ని అడుగు," అన్నాను ఆయనతో. "ఇంట్లో చంటిపిల్లోడుంటే ఏం చెయ్యాలో అడుగు."

"అడిగినాలే. ఏం కాదన్నాడు," అన్నాడు ఆయన, నా వైపు చూడకుండా.

మాదాపూర్‌లో మేడ ప్రారంభోత్సవం జరిగింది. రోడ్లు కడిగారట, పూలకుండీలు పెట్టారట. ఆ పూట డ్రిల్లు పనివాళ్లను కనపడకుండా కొండాపూర్ వైపు గుండ్ల దగ్గరికి తోలారు. దూరం నుంచి అద్దాలు మెరుస్తుంటే చూశానని ఆయన చెప్పాడు. చెబుతూ దగ్గాడు, దగ్గుతూ కూర్చున్నాడు. అప్పటికి నా దగ్గు పూర్తిగా పోయింది, ఆకలి పుట్టింది, జాకెట్లు మళ్లీ పట్టేశాయి. ఆయన చొక్కా మాత్రం కొక్కేనికి తగిలించినట్టు భుజాల మీద వేలాడుతోంది. దుమ్ము పని మానుకోమని నేను పోరాను. ఇంకేం పని వచ్చు నాకు అన్నాడు.

ఒకరోజు పొద్దెక్కాక సత్తెమ్మ మా వాకిట్లోకి వచ్చింది. నేను ఆమెను చూడడం అదే మొదలు. నలభై దాటిన మనిషి, చేతిసంచి, చెప్పుల నిండా దుమ్ము. ఆయన పనిలో ఉన్నాడు. మా అత్త గుమ్మంలో కూర్చుని కిరణ్‌కు నూనె రాస్తోంది.

"రంగనాథ్ ఇల్లు గిదేనా అమ్మా? దవాఖాన తరఫున వచ్చిన. గోలీలైతె మింగుతున్నడు గని బరువు పెరుగుతలేడు, దగ్గు తగ్గుతలేదు. జర ఇల్లు సూసి పోదామని వచ్చిన."

నేను మంచినీళ్లిచ్చాను. గ్లాసు తొణికి ఆమె చీర మీద పడ్డాయి. ఆమె ఏమనుకోలేదు. గదిలోకి తొంగి చూసి, కిటికీ ఉందా లేదా చూసి, మా అత్త పక్కన చతికిలబడింది.

"ఆ గోలీలకు మూత్రం ఎర్రగ వస్తది. సూసి పరేషాన్ గాకుండ్రి. రంగు గంతే."

మా అత్త నూనె రాయడం ఆపలేదు. "వానికి యాడొస్తాందమ్మా ఎర్రగా? మామూలుగానే వస్తాంది. బచ్చలి కడిగేది నేనే కదా. ఎర్రగా పోసేది మా కోడలు. వేడి చేసింది పాపం, సబ్జాలిస్తాండా."

సత్తెమ్మ గ్లాసు కింద పెట్టింది. నా వైపు చూసింది. అప్పుడే మా అత్త ఒళ్లోంచి కిరణ్ జారి, ఆమె సంచి పట్టుకుని లేవబోయాడు.

"ఈ పిల్లగాడు ఎవలు?"

"ఎవరేంది? మా మనవడు. వాని కొడుకు."

"పిల్లలు లేరని చెప్పిండే రంగనాథ్." ఆమె గొంతులో కోపం లేదు, అందుకే నాకు ఎక్కువ భయం వేసింది. "మొదటి దినమే అడిగినం. ఇంట్ల చిన్నపిల్లలుంటె జల్ది అంటుకుంటది. గందుకే చేతికి సుయి ఏసి సూస్తం, రాకుంట గోలీ ఇస్తం. ఇన్ని దినాలు ఏ గోలీ లేకుంట ఉన్నడా ఈ పిల్లగాడు?"

ఆయన నాతో అబద్ధమాడాడన్న మాట. పిల్లాడున్నాడంటే ఇంటికొచ్చి అందరినీ పరీక్ష చేస్తారని, నేను దొరికిపోతానని డాక్టరుకు అబద్ధం చెప్పాడు. నన్ను నా బిడ్డ దగ్గర ఉంచాలని చెప్పాడు. అంతా నాకు ఒక్కసారి అర్థమైంది. వాడికి రాకుండా వేయడానికి ఒక మాత్ర ఉంది, అది ఇన్నాళ్లూ ఆ రేకుల గదిలోనే ఉంది, మేమే వాడికి అందకుండా చేశాం. వాడు సత్తెమ్మ సంచి లాగుతూ తుమ్మాడు.

"ఆ తెమడ నాదమ్మా," అన్నాను. "ఆయనది కాదు. మాత్రలు కూడా నేనే మింగుతాండా."

సత్తెమ్మకు మొత్తం చెప్పాను. దవడన పెట్టుకుని తేవడం, కవరు, అన్నీ. మా అత్త వింటూ కూర్చుంది. ఆమెకు ఎక్కడ అర్థమైందో తెలియదు. నేను చెప్పడం ఆపేలోగా లేచి, నూనె ఒంటితోనే కిరణ్‌ను చంకనేసుకుని గదిలోకి వెళ్లి తలుపు గడియ పెట్టుకుంది.

నేను తలుపు తట్టాను. "అత్తా," అన్నాను. లోపల కిరణ్ ఏడుపు అందుకున్నాడు. ఎవరి గదుల్లోంచి వాళ్లు బయటికి వచ్చి నిలబడ్డారు. ఎవరికి తెలియకూడదని నోరు మూసుకుని బతికానో వాళ్లందరూ చూస్తున్నారు, నాకు లెక్కలేదు. తలుపుకు చెంప ఆనించి నిలబడ్డాను.

"పెద్దమ్మా, తలుపు తియ్యి," అంది సత్తెమ్మ. "నెలన్నర సంది మందు తింటున్నదామె. ఇగ ఆమె తోటి అంత ఫికర్ లేదు. పిల్లగాన్ని తల్లి నుంచి తీసుడు మాత్రం జెయ్యకు. పాలు తాగనియ్యి, గోలీ మేమిస్తం."

"మా ఆడబిడ్డకు కూడా ఎవరెవరో ఏమేమో చెప్పినారు," అంది మా అత్త లోపలినుంచి. "రేపే బస్సెక్కి ఊరికి పోతా. వీన్ని నేను సాకుతా. నాకు కొత్త కాదు."

"వాడు నా కొడుకు అత్తా. నువ్వు తీసుకుపోతే నేను ఆ బస్సు ముందర పండుకుంటా," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది, ఎన్నాళ్లయిందో అలా మాట్లాడి. లోపల ఏడుపు పెరిగింది. తరవాత టక్కున ఆగిపోయింది. ఆ ఆగడం నేను భరించలేకపోయాను. తలుపును రెండు చేతులతో గుద్దాను.

గడియ తీసిన చప్పుడైంది. మా అత్త గుమ్మంలో నిలబడి ఉంది. పంచదార అద్దిన ఆమె వేలు కిరణ్ నోట్లో ఉంది, వాడు దాన్ని కొరుకుతున్నాడు.

"ఆకలి వీనికి," అంది. నా మొహం చూడకుండా పిల్లాణ్ణి నా చేతుల్లో పెట్టి, పోయి మూల కూర్చుంది. ఆ పూట ఆమె అన్నం తినలేదు.

మర్నాడు నలుగురం రేకుల గదికి వెళ్లాం. డాక్టర్ యజ్ఞనారాయణ సన్నగా, తల నెరిసి, బడిపంతులిలా ఉన్నాడు. కేకలేస్తాడని చూశాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని, నన్ను కూర్చోమని, పిల్లాణ్ణి చూసి, "పాలు మాన్పించలేదు కదమ్మా," అని అడిగాడు. లేదన్నాను. "మంచి పని చేశారు. మాన్పించకండి," అన్నాడు. నాకు ఏడుపు వచ్చింది. మా అత్త విందా లేదా అని తిరిగి చూశాను. వింది.

కిరణ్ మోచేతి కింద చర్మంలోకి సన్నటి సూది వేశారు. బుడగలా లేచింది. మూడో రోజు వచ్చి చూపించమన్నారు. నా బరువు చూసి, నా పేరు మీద, నా ఒంటికి సరిపడా మందు రాశారు. అప్పుడు డాక్టరు మా ఆయన వైపు తిరిగాడు.

"ఇప్పటిదాకా మీరు ఎన్ని మాత్రలు మింగారండీ?"

"ఒక్కటీ లేదు సార్."

"పరిశోధన సంగతి తరవాత. మీ తెమడ నేను ఇంతవరకూ చూడనే లేదు." డబ్బా ఆయన చేతిలో పెట్టాడు. "వెనక గాలి తగిలేచోట నిలబడి, లోపలినుంచి దగ్గి ఇవ్వండి. సత్తెమ్మ పక్కనే ఉంటుంది."

ఆయన రేకుల వెనక్కి పోయాడు. ఆయన దగ్గు నాకు కొత్త కాదు. కానీ ఎప్పుడూ సగంలో తుంచేసేవాడు. ఆ రోజు మొదటిసారి పూర్తిగా దగ్గాడు. మా అత్త రెండు చెవులూ మూసుకుంది.

ఆ మూడు రోజులూ నేను వాడి చెయ్యి తప్ప ఇంకేమీ చూడలేదు. మొదట ఎర్రబడింది. తరవాత వేలితో తాకితే గట్టిగా, శనగబద్దలా తగిలింది. అది తగ్గిపోవాలని మొక్కని దేవుడు లేడు. తగ్గలేదు. సత్తెమ్మ స్కేలు పెట్టి కొలిచి డాక్టరుకు చెప్పింది. ఎక్స్‌రే తీశారు. క్రిములు లోపలికి పోయాయి కానీ జబ్బు ఇంకా మొదలవలేదు అన్నాడు డాక్టరు. చిన్న మాత్ర, రోజూ పొడి చేసి పాలలో కలిపి, నెలల తరబడి వేయాలి. ఒక్కరోజు కూడా మానకూడదు.

"మానం," అంది మా అత్త, నా కంటే ముందు. "నేనేస్తా."

తరవాత డాక్టరు మా ఆయన్ను కూర్చోమన్నాడు. కూర్చోమన్నప్పుడే నాకు తెలిసిపోయింది.

"రాతిపొడి ఒక్కటే కాదండి. తెమడ నిండా ఉన్నాయి. మొదట మీ పేరు మీద రాసిన మందు మీకు కావలసిందే. మీరు అది దవడన పెట్టుకుని తీసుకుపోయారు."

"అయితే రత్నకు నా వల్లనే వచ్చిందా సార్?"

"ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో నేను చెప్పలేనండి."

"పిల్లోనికి?"

డాక్టరు కిరణ్ ఎక్స్‌రేను కవరులో పెట్టాడు. కొన్ని వారాలు, తెమడలో క్రిములు పోయేదాకా, పిల్లాడి దగ్గరికి వెళ్లవద్దన్నాడు. బయట గాలిలో పడుకోమన్నాడు. డ్రిల్లు ముట్టుకోవద్దన్నాడు. క్షయ తగ్గుతుందండి, ఊపిరితిత్తుల్లో చేరిన ఆ పొడి మాత్రం ఇక బయటికి రాదు అన్నాడు. సత్తెమ్మ మాత్రలు అరచేతిలో పెడితే ఆయన ఒక్కొక్కటే మింగి, అడగకముందే నోరు తెరిచి నాలుక పైకెత్తాడు.

ఆ వారంలోనే ఒక సాయంత్రం. ఆయన మంచం వాకిట్లో ప్రహరీ గోడకు దగ్గరగా వేశాం. నేను గుమ్మం ముందు బియ్యం ఏరుతున్నాను. కిరణ్ నా భుజం పట్టుకుని నిలబడి ఉన్నాడు. కొన్ని రోజులుగా ఎత్తి ఎగరేయని తండ్రి వాడికి ఎదురుగా కనపడ్డాడు. వాడు నా భుజం వదిలేశాడు.

పడలేదు. ఊగి నిలదొక్కుకుని ఒక అడుగు వేశాడు. అది వాడి మొదటి అడుగు. ఆయన మంచం మీంచి లేచాడు. మొహం నిండా సంతోషం, చేతులు ముందుకు చాచబోయాడు.

"రంగా," అంది మా అత్త గుమ్మంలోంచి, మెల్లగా.

ఆయన చేతులు దించేశాడు. తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని వెనక్కి ఒక అడుగు వేశాడు. వాడికది ఆట అనిపించింది. నవ్వుతూ ఇంకో అడుగు వేశాడు. ఆయన ఇంకా వెనక్కి జరిగాడు. వాడు తూలుతూ, రెండు చేతులూ చాచి, నవ్వుతూ వస్తూనే ఉన్నాడు. పక్క గదులవాళ్లు నడుస్తున్నాడు చూడు అని ముచ్చటపడుతున్నారు. ఆయన వీపుకు గోడ తగిలింది. ఇక వెనక్కి పోవడానికి చోటు లేదు.

"రత్నా," అన్నాడు తువ్వాల్లోంచి. "వచ్చి వాన్ని ఎత్తుకో."